పింగాణీ కీలు, ఎముక కణాలు, బాక్టీరియా: ఎవరు ముందు చోటు పట్టుకుంటారు?

పటమట, ఆటోనగర్, కానూరు, యనమలకుదురు ప్రాంతాల నుండి తుంటి నొప్పితో, మోకాలి నొప్పితో వచ్చేవారు కీలు మార్పిడి ఆపరేషన్ మాట రాగానే కొన్ని ప్రశ్నలు అడుగుతుంటారు. "స్టీలు గుండు బదులు పింగాణీ గుండు కూడా ఉందట గదండీ. అది టీ కప్పులా పగిలిపోదా? ఒంటికి పడుతుందా? లోపల చీము పట్టదా?" ఇవి మూడూ మంచి ప్రశ్నలే. మొదటిది వస్తువు బలం గురించి, రెండవది ఎముక కణాల గురించి, మూడవది బాక్టీరియా గురించి. ఈ నెల పాఠంలో మూడింటికీ జవాబు తెలుసుకుందాం. ఇంప్లాంటు వేయించుకున్నవారు, వేయించుకోబోయేవారు, వారిని చూసుకునే ఇంటివారు చివర ఇచ్చిన జాగ్రత్తలను తప్పక చదవాలని మా మనవి.

1. మన ఎముకలోనే ఒక సెరామిక్ ఉంది

మట్టినో, ఖనిజాన్నో బాగా కాల్చి గట్టిపరచిన వస్తువులను సెరామిక్కులు అంటారు. కుండ, పెంకు, ఇటుక, పింగాణీ అన్నీ ఆ జాతివే. వీటికి తుప్పు పట్టదు, వేడికి కరగవు, గీతలు సులభంగా పడవు. కాని గట్టి దెబ్బ తగిలితే వంగకుండా పగులుతాయి.

మన ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఇలాంటి ఖనిజమే. దాని పేరు హైడ్రాక్సీఅపటైటు. కాల్షియం, ఫాస్ఫేటు కలిసి ఏర్పడిన సన్నని స్ఫటికాలు ఇవి. మిగిలిన భాగంలో ఎక్కువగా ఉండేది కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు, కొంత నీరు. ఇంటి శ్లాబులో ఇనుప ఊచలు, కాంక్రీటు ఎలా కలిసి పనిచేస్తాయో ఎముకలో ఇవి రెండూ అలా పనిచేస్తాయి. కొల్లాజెన్ వంగే గుణాన్ని, ఖనిజం బరువు మోసే గుణాన్ని ఇస్తాయి.

దీన్ని పిల్లలకు ఇంట్లోనే చూపించవచ్చు. శుభ్రం చేసిన కోడికాలి ఎముకను వెనిగర్‌లో నానబెట్టి, రోజూ వెనిగర్ మారుస్తూ కొన్ని రోజులు ఉంచండి. ఖనిజం కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది. అలాంటిదే ఇంకొక ఎముకను నిప్పులో బాగా కాలిస్తే కొల్లాజెన్ కాలిపోయి తెల్లని ఖనిజం మిగులుతుంది. అది చేత్తో నొక్కితే పొడి అవుతుంది.

శరీరంలోని ఫాస్ఫరస్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతి కనుగొన్నవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఈ పద్ధతిని 1925లో ప్రచురించారు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి తేల్చే ఆ పరీక్షను ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు వాడారు. ఆయన పేరు ఈ పాఠంలో మరోసారి వస్తుంది.

ఖనిజంలో చిన్న మార్పు వచ్చినా ఎముక స్వభావం మారిపోతుందనడానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. ఆనాటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల్లో బావి నీటిలోని ఫ్లోరైడు వల్ల జనం నడుములు, మెడలు బిగుసుకుపోతున్నాయని 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం ప్రకటించింది. ఆ నీరు ఏళ్ల తరబడి తాగితే ఎముక ఖనిజంలో ఫ్లోరైడు చేరుతుంది, ఎముక కణాల పని తీరు తప్పుతుంది. ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనిపించినా నిజమైన బలం ఉండదు. అంటే ఎముక గట్టిగా ఉంటే చాలదు, దానిలోని కణాలు సరిగా పనిచేయాలి.

2. ఎముకలో పనివారు

ఎముక కట్టెలాంటిది కాదు, బ్రతికి ఉన్న కణజాలం. దానిలో ముఖ్యంగా మూడు రకాల కణాలున్నాయి.

ఆస్టియోబ్లాస్టులు: వీరు తాపీ మేస్త్రీలు. కొల్లాజెన్ అల్లి, దానిమీద ఖనిజం పేరుకునేలా చేసి కొత్త ఎముక కడతారు.

ఆస్టియోక్లాస్టులు: వీరు పాత గోడ పడగొట్టే కూలీలు. ఆమ్లాన్ని విడిచి అరిగిన ఎముకను కరిగిస్తారు.

ఆస్టియోసైట్లు: కట్టడం పూర్తయ్యాక ఎముకలోనే నిలిచిపోయిన మేస్త్రీలు. బరువు ఎక్కడ పడుతోందో కనిపెట్టి, ఎక్కడ కట్టాలో ఎక్కడ పడగొట్టాలో కబురు చేస్తారు.

కట్టడం, పడగొట్టడం సమానంగా సాగినంత కాలం ఎముక ఆరోగ్యంగా ఉంటుంది. ఇంప్లాంటు వేసినప్పుడు ఈ పనివారు దాన్ని పొరుగు గోడగా భావించి దగ్గరకు కట్టుకొస్తేనే అది పదిలంగా నిలుస్తుంది.

3. వైద్యంలో వాడే సెరామిక్కులు

అన్ని సెరామిక్కులూ ఒకటి కావు. ఎముకతో అవి ప్రవర్తించే తీరును బట్టి మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటి రకం, పట్టనట్టు ఉండేవి. అల్యూమినా, జిర్కోనియా ఈ రకం. ఇవి ఒంట్లో కరగవు, తుప్పు పట్టవు, ఎముకతో రసాయనికంగా అతుక్కోవు కూడా. నునుపు చేస్తే అద్దంలా ఉంటాయి. ఫ్రాన్సులో పియేర్ బూటాఁ అనే సర్జను 1970లో మొదటిసారి అల్యూమినాతో చేసిన తుంటి కీలు అమర్చారు. కీలులో రాపిడి జరిగే చోట, అంటే గుండు, గిన్నె ఒకదానిమీద ఒకటి తిరిగే చోట, ఇవి బాగా పనికివస్తాయి.

రెండవ రకం, ఎముకతో చుట్టరికం కలుపుకునేవి. తయారుచేసిన హైడ్రాక్సీఅపటైటు, బయోగ్లాసు ఈ రకం. అమెరికాలో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త 1969లో తయారుచేసిన ఒక గాజు ఎలుక ఎముకకు అతుక్కుపోయింది, లాగినా ఊడిరాలేదు. ఈ గాజును ఒంట్లో పెట్టగానే దాని పైభాగం కొద్దిగా కరిగి, దానిమీద ఎముకలో ఉండే ఖనిజం వంటి పొర ఏర్పడుతుంది. ఎముక కణాలు దాన్ని తమ ఇంటిదే అనుకుంటాయి.

మూడవ రకం, పని చేసి కరిగిపోయేవి. ట్రైకాల్షియం ఫాస్ఫేటు, కాల్షియం సల్ఫేటు ఈ రకం. కాల్షియం సల్ఫేటు అంటే కాలు విరిగితే కట్టు వేసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు దగ్గర చుట్టమే. ఎముకలోని గుంటలను దీనితో పూడ్చే ప్రయత్నం జర్మనీలో 1892లోనే జరిగింది. ఇవి క్రమంగా కరుగుతుంటే ఆ చోటులో కొత్త ఎముక పెరుగుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. "పింగాణీ తుంటి" అన్నంత మాత్రాన మొత్తం పింగాణీ కాదు. ఎముకలోకి దిగే కాడ, ఎముకకు ఆనుకునే గిన్నె సాధారణంగా టైటానియం లోహంతో, గరుకైన పైభాగంతో ఉంటాయి. కొన్నిటికి హైడ్రాక్సీఅపటైటు పూత వేస్తారు. పింగాణీ ఉండేది రాపిడి జరిగే గుండులోను, కొన్నిసార్లు గిన్నె లోపలి పొరలోను.

మరి పగిలిపోదా? పాత రోజుల్లో ఆ భయం నిజమే. ఒక తయారీదారు కాల్చే కొలిమి పద్ధతి మార్చడంతో జిర్కోనియా గుండ్లు ఎక్కువగా పగిలి, 2001లో వాటిని మార్కెట్టు నుండి వెనక్కు తీసుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది అల్యూమినాలో కొంత జిర్కోనియా కలిపిన గులాబీ రంగు సెరామిక్. దీనిలో పగులు మొదలైనా ముందుకు సాగకుండా జిర్కోనియా రేణువులు అడ్డుపడతాయి. ఇవి పగలడం చాలా అరుదు. కాని ఎప్పుడైనా కీలులో ఒక్కసారిగా శబ్దం వచ్చి నొప్పి మొదలైతే వెంటనే ఎక్స్‌రే తీయించాలి.

4. రాపిడి వల్ల వచ్చే చిక్కు

ఆటోనగర్‌లో పనిచేసేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. బేరింగు అరిగితే పొడి రాలుతుంది, ఆ పొడి మిగతా భాగాలను కూడా పాడుచేస్తుంది. కీలులో కూడా అంతే. లోహపు గుండు ప్లాస్టిక్ గిన్నెలో ఏళ్ల తరబడి తిరిగితే కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు రాలుతాయి. శరీరంలోని మాక్రోఫేజులు అనే భక్షక కణాలు వాటిని మింగుతాయి, అరిగించుకోలేవు. అవి పంపే సంకేతాల వల్ల ఆస్టియోక్లాస్టులు రెచ్చిపోయి ఇంప్లాంటు చుట్టూ ఉన్న ఎముకను తినివేస్తాయి. ఇన్ఫెక్షను లేకపోయినా కీలు వదులవుతుంది.

సెరామిక్ గుండుకు గీతలు పడవు, తడి దానిమీద బాగా పరుచుకుంటుంది. అందువల్ల రాలే పొడి తక్కువ. ఎక్కువ ఏళ్లు నడవవలసిన చిన్న వయసువారికి సర్జన్లు దీన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే. ప్లాస్టిక్ కూడా ఇప్పుడు బాగా మెరుగుపడింది కనుక పెద్ద వయసువారిలో తేడా అంతగా ఉండకపోవచ్చు.

5. మొదటి గంటల్లో ఏమి జరుగుతుంది?

ఇంప్లాంటు ఒంట్లోకి వెళ్లిన కొద్ది క్షణాల్లోనే రక్తంలోని ప్రోటీన్లు దానిమీద పొరలా అతుక్కుంటాయి. ఎముక కణాలు వచ్చి పట్టుకునేది లోహాన్నో సెరామిక్‌నో కాదు, ఈ ప్రోటీను పొరనే. కణం పైన ఉండే ఇంటెగ్రిన్లు అనే కొక్కేలు ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లకు తగులుకుంటాయి. పట్టు దొరికితే కణం పరుచుకుంటుంది, పిల్ల కణాలను పెడుతుంది, కొన్ని వారాల్లో ఎముక కట్టడం మొదలుపెడుతుంది.

అయితే అలాంటి కొక్కేలు ఎముక కణాలకే కాదు, బాక్టీరియాకూ ఉన్నాయి. మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్ జాతి బాక్టీరియా అదే ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకోగలదు. పది మందిలో ఇద్దరు ముగ్గురి ముక్కులో స్టెఫిలోకాకస్ ఆరియస్ ఏ జబ్బూ చేయకుండానే కాపురం ఉంటుంది.

పండుగ రోజుల్లో మన బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకుంటారు చూడండి. ఇంప్లాంటు మీద జరిగేది అదే. ఎముక కణాలు ముందు వచ్చి సీట్లన్నీ నింపితే బాక్టీరియాకు చోటు ఉండదు. బాక్టీరియా ముందు చేరితే ఎముక కణాలు నిలబడలేవు. అమెరికాకు చెందిన సర్జను ఆంథొనీ గ్రిస్టినా 1987లో దీన్ని "ఉపరితలం కోసం పరుగుపందెం" అని వర్ణించారు.

పందెంలో బాక్టీరియాకు ఒక సౌకర్యం ఉంది. అది సుమారు ఒక మైక్రాను మాత్రమే, అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఎముక కణం దానికి ఇరవై రెట్లు పెద్దది. ఎముక పట్టుకోవాలని మనం గరుకు చేసిన పైభాగంలోని చిన్న గుంటలు బాక్టీరియాకు కూడా దాక్కునే చోట్లవుతాయి.

6. బయోఫిల్మ్: బాక్టీరియా కట్టుకునే కోట

అతుక్కున్న బాక్టీరియా కొద్ది గంటల్లో సంఖ్య పెంచుకుని, చుట్టూ జిగురు పదార్థం విడుస్తుంది. దీన్ని బయోఫిల్మ్ అంటారు. చెరువు మెట్లమీద పట్టే పాచి, పళ్లమీద పట్టే గార ఇలాంటివే. ఈ జిగురులో దాగిన బాక్టీరియాను చంపడానికి మామూలుకంటే వందల రెట్లు ఎక్కువ మందు కావలసి రావచ్చు. అంత మందు మనిషి తట్టుకోలేడు. పైగా స్టెఫిలోకాకస్ ఆరియస్ ఎముక కణాల లోపల కూడా దాగి ఉండగలదు.

పరాయి వస్తువు ఒంట్లో ఉంటే ఎంత కొద్ది బాక్టీరియా చాలో 1957లోనే తెలిసింది. ఆరోగ్యవంతుల చర్మంలో చీము పుట్టించడానికి పది లక్షలకు పైగా స్టెఫిలోకాకస్ క్రిములు అవసరమైతే, అక్కడ ఒక పట్టుదారం కుట్టు ఉన్నప్పుడు కొన్ని వందలే సరిపోయాయి. ఒక దారపు కుట్టుకే అంత తేడా వస్తే పిడికెడంత ఇంప్లాంటుకు ఆపరేషన్ థియేటరులో ఎంత శుభ్రత కావాలో ఊహించండి.

మంచి పరిస్థితుల్లో తుంటి, మోకాలి మార్పిడి చేయించుకున్న వందమందిలో ఒకరిద్దరికి ఇన్ఫెక్షను వస్తుంది. సంఖ్య చిన్నదే. కాని వచ్చినవారికి మళ్లీ ఆపరేషన్, వారాల తరబడి మందులు, ఒక్కొక్కసారి ఇంప్లాంటు మొత్తం తీసివేయడం తప్పకపోవచ్చు.

7. సెరామిక్ బాక్టీరియాను ఆపుతుందా?

కొంతవరకు సహాయపడుతుంది. నునుపైన సెరామిక్ మీద కొన్ని రకాల బాక్టీరియా లోహం మీదకంటే తక్కువగా అతుక్కుంటుందని ప్రయోగశాలల్లో చూశారు. ఇంగ్లండు, వేల్సు దేశాల కీళ్ల రిజిస్టరు లెక్కలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో సెరామిక్ వాడిన తుంటి కీళ్లకు ఇన్ఫెక్షను వల్ల మళ్లీ ఆపరేషన్ అవసరం కొంత తక్కువగా కనిపించింది. అయితే సెరామిక్ ఎక్కువగా వేసేది చిన్న వయసువారికి, ఆరోగ్యవంతులకు. అలాంటి తేడాలన్నిటినీ లెక్కలో పూర్తిగా సరిచేయడం కష్టం. కాబట్టి "పింగాణీ వేస్తే చీము పట్టదు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

బాక్టీరియాతో నేరుగా పోరాడే సెరామిక్కులు కూడా ఉన్నాయి. ఒక రకం బయోగ్లాసు గుళికలు ఎముక గుంటలో కరుగుతూ సోడియం, కాల్షియం విడిచి ఆ చోటును క్షారంగా మారుస్తాయి. ఆ పరిస్థితిలో బాక్టీరియా బ్రతకలేదు. ఎముకకు చీము పట్టినవారికి చెడిన భాగాన్ని తొలగించాక ఆ గుంటలో దీన్ని నింపుతున్నారు. కాల్షియం సల్ఫేటు గుళికల్లో యాంటీబయాటిక్ కలిపి పెట్టే పద్ధతి కూడా ఉంది. గుళిక కరుగుతూ మందును అక్కడికక్కడే వదులుతుంది. వెన్నెముక ఆపరేషన్లలో వాడే సిలికాన్ నైట్రైడు అనే సెరామిక్ బాక్టీరియాకు ఇబ్బంది కలిగిస్తూ ఎముక కణాలను ప్రోత్సహిస్తుందని ప్రయోగశాల పరీక్షలు సూచిస్తున్నాయి.

8. ఎముక పెరిగిందని ఎలా కనిపెట్టారు?

ఇక్కడ సుబ్బారావు గారి పేరు మళ్లీ వస్తుంది. ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న కాలంలో అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నారు. 1948లో అది వెలుగులోకి వచ్చింది, అదే సంవత్సరం సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది ఇదే.

ఈ జాతి మందులు కాల్షియాన్ని పట్టుకుని కొత్తగా కడుతున్న ఎముకలో చేరతాయి. ప్రత్యేకమైన దీపం కింద అవి పసుపు గీతలా మెరుస్తాయి. కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు మందు ఇస్తే రెండు గీతలు పడతాయి. వాటి మధ్య దూరమే ఆ రోజుల్లో పెరిగిన ఎముక. ఇంప్లాంటు చుట్టూ ఎముక ఎంత వేగంగా పెరుగుతుందో జంతువుల్లో ఈ విధంగా కొలిచారు. బాక్టీరియాను చంపడానికి పుట్టిన మందు ఎముక కణాల పనిని చూపించే కొలబద్ద కూడా అయింది. ఎదుగుతున్న పళ్లమీద మచ్చలు వేసేదీ ఈ గుణమే. అందుకే గర్భిణులకు, చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ సొంతంగా కొని వేయకూడదు.

9. మనం చేయవలసినవి

పందెంలో ఎముక కణాలు గెలవడానికి ఇంప్లాంటు రకం ఒక్కటే చాలదు. రోగి చేతిలో ఉన్నవి చాలా ఉన్నాయి.

ఆపరేషన్‌కు ముందు:
- షుగరు వైద్యుడు చెప్పిన హద్దులోకి రావాలి. షుగరు ఎక్కువైతే తెల్లకణాల బలం తగ్గుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది.
- పుచ్చిన పన్ను, మూత్రంలో మంట, చర్మంపై గడ్డలు ఉంటే దాచకుండా చెప్పండి. పొలంలో నీళ్లలో నిలబడి పాసిన కాలివేళ్ల సందులు కూడా బాక్టీరియాకు దారి. ముందు వాటిని నయం చేసుకోవాలి.
- బీడీ, సిగరెట్టు మానాలి. పొగ వల్ల ఎముకకు రక్తం తగ్గుతుంది.
- ఆపరేషన్ చోట ఇంట్లో బ్లేడుతో గీయవద్దు. చిన్న గాట్లలో బాక్టీరియా చేరుతుంది.
- ధర ముందుగా అడగండి. మోకాలి ఇంప్లాంట్ల గరిష్ఠ ధరను కేంద్రప్రభుత్వ ధరల సంస్థ 2017 ఆగస్టులో మొదటిసారి నిర్ణయించింది. అప్పట్లో కోబాల్టు క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలు, సెరామిక్ పైపొర ఉండే ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకానికి 76,600 రూపాయలు. ప్రస్తుత ధర బిల్లు విభాగంలో అడిగి, ఇంప్లాంటు స్టిక్కరును కేసు కాగితాలతో భద్రపరచుకోండి.

ఆపరేషన్ తరువాత:
- గాయంమీద ఆకు పసరు, పసుపు, నూనె పెట్టవద్దు. మర్దన చేయించవద్దు.
- కట్టు తడిసినా, గాయం నుండి నీరు కారినా మరునాటి వరకు ఆగకుండా చూపించండి.
- ఆ కీలులో ఎవరిచేతా ఇంజెక్షను చేయించుకోవద్దు.
- పళ్ల వైద్యానికి వెళ్లినప్పుడు ఇంప్లాంటు ఉందని ముందుగా చెప్పండి.

10. అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక

కీలు ఎర్రబడి వేడెక్కడం, తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, చలి జ్వరం, గాయం చీమడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపరేషన్ చేసిన సర్జనుకు చూపించాలి. లక్షణాలు మొదలైన మూడు వారాల లోపు వస్తే చాలామందిలో ఇంప్లాంటు తీయకుండానే లోపల కడిగి కాపాడే అవకాశం ఉంటుంది. బయోఫిల్మ్ ముదిరితే ఆ అవకాశం పోతుంది.

మందుల షాపులో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుని చూద్దాం అనుకోవడం చాలా ప్రమాదం. జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపలి కోట అలాగే ఉంటుంది. అంతేకాదు, తరువాత కీలు నుండి నీరు తీసి పరీక్షించినా బాక్టీరియా పెరగదు. ఏ క్రిమో తెలియకపోతే సరైన మందు ఎంచుకోవడం కష్టమవుతుంది. కాబట్టి ముందు పరీక్ష, తరువాతే మందు. రోగి బాగా నీరసించి ప్రమాదంలో ఉంటే మాత్రం వైద్యుడు వెంటనే మందు మొదలుపెడతారు. ఆ నిర్ణయం వైద్యుడిదే.

పాఠాన్ని మననం చేసుకోండి

1. ఎముక బరువులో ఖనిజం సుమారు ఎంత? దాని పేరేమిటి?
2. ఆస్టియోబ్లాస్టు, ఆస్టియోక్లాస్టు చేసే పనుల్లో తేడా ఏమిటి?
3. ఇన్ఫెక్షను లేకుండా కూడా కీలు ఎందుకు వదులవుతుంది?
4. బయోఫిల్మ్ ఏర్పడ్డాక మందులు ఎందుకు పనిచేయవు?
5. కీలు మార్పిడి అయిన మీ ఇంటివారికి జ్వరంతోపాటు కీలు వాచింది. మీరు మొదట చేయవలసిన పని ఏమిటి? చేయకూడని పని ఏమిటి?

అయిదవ ప్రశ్నకు జవాబు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఈ పేజీని మీ పొరుగున కీలు మార్పిడి చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే వారికి కూడా చదివి వినిపించండి.